జపాన్ బొమ్మకు తెలుగు గొంతు

జపాన్‌లో తయారైన యానిమే సీరియల్ తెలుగువారి చెవికి చేరేలోగా సాధారణంగా రెండుసార్లు భాష మారుతుంది. జపనీస్ సంభాషణలు ముందు ఇంగ్లీషులోకి వస్తాయి. ఆ ఇంగ్లీషు ప్రతిని ముందు పెట్టుకుని తెలుగు రచయిత మాటలు రాస్తారు. హిందీకీ, తమిళానికీ కూడా చాలావరకు ఇదే దారి. ఇంగ్లీషులో జారిపోయినది తెలుగులో దొరకదు. ఇంగ్లీషు రచయిత కలిపినది మాత్రం తెలుగులోకి నడిచి వస్తుంది. తెలుగు యానిమే సంగతి తెలియాలంటే ముందు ఇంగ్లీషు డబ్బింగ్ సంగతి కొంత తెలియాలి.

ఒసాము తెజుకా సృష్టించిన 'ఆస్ట్రో బాయ్' సీరియల్ 1963 జనవరిలో జపాన్ టెలివిజన్‌లో మొదలైంది. అదే ఏడాది అమెరికాలో ఇంగ్లీషులో ప్రసారమైంది. ఇంగ్లీషు రూపాన్ని సిద్ధం చేసినవారు ఫ్రెడ్ లాడ్. కథానాయకుడి అసలు పేరు ఆటమ్, అమెరికాలో ఆస్ట్రో అయ్యాడు. పేరుతో మొదలైన మార్పు తర్వాతి రోజుల్లో కథను కూడా పట్టుకుంది. 1985లో వచ్చిన 'రోబోటెక్' కోసం ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు జపాన్ సీరియళ్లను కలిపి ఒకే కథగా కుట్టారు. హయావో మియజాకి తీసిన 'నౌసికా' సినిమా నుంచి ఇరవై నిమిషాలకు పైగా కోసేసి, 'వారియర్స్ ఆఫ్ ది విండ్' అని పేరు మార్చి, అమెరికాలో విడుదల చేశారు. ఆ అనుభవం తర్వాత మియజాకి వర్గం ఒక్క కోత కూడా ఒప్పుకోబోమని పట్టుబట్టింది. 1997 నాటి 'ప్రిన్సెస్ మొనోనొకె'కు ఇంగ్లీషు మాటలు రాయడానికి నీల్ గైమన్ వంటి పేరున్న రచయితను పిలిచారు.

'పోకెమాన్'లో పిల్లలు తినే అన్నం ముద్దలను ఇంగ్లీషు డబ్బింగ్‌లో డోనట్లు అని చెప్పించారు. తెరమీద బియ్యపు ముద్ద, దానికి చుట్టిన నల్లటి సముద్రపు నాచు స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. అమెరికా పిల్లలకు అర్థం కాదన్న భయమే దానికి కారణం. పరాయి దేశపు తిండి చూసి పిల్లలు బెదిరిపోతారనుకోవడం పిల్లల్ని తక్కువ చేయడమే. 1994లో పుట్టిన అమెరికా డబ్బింగ్ సంస్థ ఫ్యూనిమేషన్ 'డ్రాగన్ బాల్ జీ'తో పెరిగింది. క్రమంగా మూలానికి దగ్గరగా ఉండే డబ్బింగ్‌లు రావడం మొదలైంది. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన యానిమే స్ట్రీమింగ్ సంస్థ క్రంచీరోల్‌ను సోనీ 2021 ఆగస్టులో కొనుక్కుంది. ఫ్యూనిమేషన్ అప్పటికే సోనీ చేతిలో ఉంది. ప్రపంచ యానిమే పంపిణీలో పెద్ద భాగం అలా ఒకే గూటికి చేరింది.

యానిమే ఇంగ్లీషు డబ్బింగ్ కన్నా తెలుగు డబ్బింగ్ పాతది. 1950లో వచ్చిన 'ఆహుతి' తెలుగులో మొదటి డబ్బింగ్ చిత్రం. హిందీ నుంచి వచ్చిన ఆ సినిమాకు మాటలూ పాటలూ రాసినవారు శ్రీశ్రీ. పరాయి పెదవుల మీద తెలుగు మాట అమర్చే విద్యకు తెలుగులో తొలి అక్షరం దిద్దించింది ఒక మహాకవి అన్నమాట. ఆ తర్వాత అనిసెట్టి, రాజశ్రీ, వెన్నెలకంటి ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. కమల్‌హాసన్ తెలుగులో మాట్లాడితే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతే కమల్ గొంతని ఒక తరం నమ్మింది. 2009లో 'అరుంధతి'లో సోనూ సూద్ పాత్రకు పి. రవిశంకర్ ఇచ్చిన గొంతు పాత్రను మించి జనంలో తిరిగింది. 2019లో 'ది లయన్ కింగ్' తెలుగులోకి వచ్చినప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, ముఫాసాకు రవిశంకర్, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతులిచ్చారు. బొమ్మల సినిమా అంటే పిల్లల వ్యవహారమనే చిన్నచూపు అప్పటికి చాలావరకు పోయింది.

యానిమే మాత్రం తెలుగు ఇళ్లలోకి ఆలస్యంగా వచ్చింది. 1990ల్లో దూరదర్శన్‌లో పిల్లలు చూసిన 'జంగిల్ బుక్' జపాన్‌లో తయారైన సీరియలే. తెలుగు ఇళ్లలోనూ దాన్ని హిందీలోనే విన్నారు. తర్వాత పిల్లల చానెళ్లు డోరేమాన్, షిన్‌చాన్‌లను తెచ్చాయి. 2022లో 'నరుటో' సోనీ యే చానెల్‌లో మరికొన్ని భారతీయ భాషలతో పాటు తెలుగులోనూ వచ్చింది. 2023 నుంచి క్రంచీరోల్ తమిళ, తెలుగు డబ్బింగ్‌లు అందిస్తోంది. 'జుజుత్సు కైసెన్', 'సోలో లెవెలింగ్' వంటివి అలా తెలుగు మాట్లాడాయి.

2025 ఈ చరిత్రలో ముఖ్యమైన ఏడాది. జపాన్ దర్శకుడు యూగో సాకో, భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కు రామ్‌మోహన్ కలిసి తీసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' జనవరి 24న తెలుగుతో సహా నాలుగు భాషల్లో థియేటర్లలోకి వచ్చింది. కొత్త రూపానికి కథారచయిత వి. విజయేంద్రప్రసాద్ చేయి వేశారు. 1990ల తొలినాళ్లలో ఆ సినిమా మొదట మాట్లాడింది ఇంగ్లీషులోనే. వాల్మీకి కథ జపాన్ కుంచె మీదుగా, ఇంగ్లీషు మాట మీదుగా తిరిగి తిరిగి మూడు దశాబ్దాల తర్వాత తెలుగు గడప తొక్కింది. అదే ఏడాది సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' జపనీస్, ఇంగ్లీష్, హిందీ, తమిళ, తెలుగు భాషల్లో భారతదేశమంతా విడుదలైంది. రెండున్నర గంటలు దాటే సినిమా అది. ముందటి సీరియల్ చూడనివారికి కథ పట్టుబడదు. అయినా దానికి తెలుగు గొంతులు పెట్టించి థియేటర్లకు పంపారంటే ప్రేక్షకులున్నారన్న నమ్మకం పంపిణీదారులకు కలిగినట్టే.

ఈ ప్రేక్షకుల్లో గట్టి వర్గం హైదరాబాద్ ఐటీ ప్రాంతమైన సైబరాబాద్‌లో ఉంది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో స్థిరపడిన ఉద్యోగుల పిల్లలు, ఉద్యోగాల్లో కొత్తగా చేరిన యువతరం, హాస్టళ్లలో ఉండే విద్యార్థులు ఇందులో ముఖ్యులు. హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్‌కు యానిమే పాత్రల వేషాలు కుట్టించుకుని వచ్చేవారు వీరే. బొమ్మల పని కూడా ఈ నగరానికి కొత్త కాదు. 'ఛోటా భీమ్' హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టింది. క్రంచీరోల్‌కు కూడా హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. మాటల పరిశ్రమ మాత్రం ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్, జూబ్లీహిల్స్ వైపు ఉంది. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన ఈ రెండు లోకాలనూ కలుపుతుంది. వంతెనకు ఒక కొసన డబ్బింగ్ థియేటర్లు, రెండో కొసన సాఫ్ట్‌వేర్ కంపెనీలు. యానిమేకు రెండు కొసలూ కావాలి.

స్టూడియోలో పని సాగే తీరు ఇది. జపాన్ నుంచి బొమ్మతో పాటు సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ట్రాక్ వేరుగా వస్తుంది. కత్తుల రాపిడి, వర్షం, నేపథ్య సంగీతం అందులో ఉంటాయి, మాటలుండవు. రచయిత ఒక్కో డైలాగుకూ సమయం చూసుకుంటారు. పాత్ర ఏ క్షణాన నోరు తెరిచింది, ఎక్కడ ఆగింది, ఎప్పుడు మూసింది అన్నది గీత. ఆ గీతలోపల తెలుగు వాక్యం ఒదగాలి. తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టు హెడ్‌ఫోన్‌లో అసలు గొంతు వింటూ, బొమ్మ చూస్తూ మాట చెబుతారు. వెనుకటి రోజుల్లో ఫిల్మ్ ముక్కను చుట్టలా అతికించి అదే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ తిప్పేవారు. ఇప్పుడు కంప్యూటర్ తెరమీద ఒక్క నొక్కుతో వెనక్కి వెళ్లవచ్చు. పద్ధతి తేలికైంది, గడువు మాత్రం బిగిసింది. జపాన్‌లో నటులు ఒకే గదిలో మైకుల ముందు వంతులవారీగా నిలబడి సన్నివేశాన్ని కలిసి చెప్పడం సంప్రదాయం. తెలుగులో ఎవరి మాటలు వారు ఒంటరిగా చెప్పి వెళ్లిపోతారు. ఎదుటివారి కోపానికి తన కోపం ఏ పాళ్లలో ఉండాలో ఆర్టిస్టుకు తెలిసేది డబ్బింగ్ ఇన్‌చార్జి నోటిమాట వల్లనే. అందుకని ఆ కుర్చీలో కూర్చునే మనిషికి కథ మొత్తం తెలిసి ఉండటం అత్యవసరం.

మనుషుల సినిమా కన్నా యానిమేకు పెదవులు కలపడం ఒక రకంగా సులువు. యానిమేలో నోటికి చాలాసార్లు మూడే ఆకారాలు గీస్తారు. మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. కనుక ఏ అక్షరం పలికారన్నది ముఖ్యం కాదు, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపారన్నదే ముఖ్యం. ఇక్కడ ఇంగ్లీషుకు ఒక ఇబ్బంది ఉంది. 2011లో ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం జపనీస్ మాట్లాడేవారు సెకనుకు ఇంచుమించు ఎనిమిది అక్షరాలు పలుకుతారు, ఇంగ్లీషువారు ఆరు పైచిలుకు. అదే సంగతి ఇంగ్లీషులో తక్కువ అక్షరాల్లో అయిపోతుంది. మిగిలిన నోటి కదలికలను నింపడానికి ఇంగ్లీషు రచయిత అదనపు మాటలు చేర్చాలి. తెలుగు రచయిత ఆ అదనపు మాటలను కూడా బుద్ధిగా తెలుగు చేస్తే జపాన్ రచయిత కలలోనైనా అనుకోని మాటలు తెలుగు పాత్ర నోట పలుకుతాయి.

జపనీస్‌కూ తెలుగుకూ చుట్టరికం లేదు. అయినా వాక్యం నడిచే తీరులో రెండూ ఒకే వైపు నిలబడతాయి, ఇంగ్లీషు ఎదుటి వైపు ఉంటుంది. రెండు భాషల్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. రెండింటిలోనూ మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. బొమ్మ నోరు తెరిచి ఉండగా వాక్యం ఆగితే తెలుగు మాట సహజంగా సరిపోతుంది. 'నిన్ను క్షమించను' అన్న మాట తీసుకుంటే, కాదనడం చివరనున్న క్రియలో ఉంది. జపనీస్‌లో అదే మాటకు కూడా వ్యతిరేకం చివర్లోనే తేలుతుంది. నటుడు ఊపిరి బిగబట్టి ఆ చివరిదాకా లాగుతాడు. చిత్రకారుడు ముఖకవళికను అక్కడే మారుస్తాడు. ఇంగ్లీషులో ఆ సంగతి వాక్యం మొదట్లోనే బయటపడిపోతుంది. ఇంగ్లీషు ప్రతి మాత్రమే చేతిలో ఉన్న తెలుగు రచయితకు అసలు విరుపు ఎక్కడుందో తెలిసే వీలు లేదు. తెలిస్తే అప్పనంగా దొరికే అందం అది.

మర్యాద సంగతి మరీ విలువైనది. జపాన్‌లో ఎదుటి మనిషి వయసు, హోదా, చనువు బట్టి పేరు వెనక తోకలు మారతాయి, క్రియారూపాలు మారతాయి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. 'డ్రాగన్ బాల్ జీ'లో ఫ్రీజా అనే దుష్టుడు జపనీస్‌లో అతి వినయంగా, మన్ననగా మాట్లాడతాడు. గ్రహాలను బూడిద చేస్తూ కూడా మర్యాద తప్పడు. భయం పుట్టించేది ఆ మర్యాదే. ఇంగ్లీషులో అది చాలావరకు పోయి, బొంగురు గొంతు మిగిలింది. తెలుగులో హంతకుడు 'మీరు' అంటూ, 'గారు' తగిలించి, 'దయచేసి చచ్చిపోండి' అన్నాడంటే వినేవాడి వెన్ను జలదరిస్తుంది. అసలులో మన్నన ఉందని తెలుగు రచయితకు ఎవరో ఒకరు చెబితేనే అది సాధ్యం. చెప్పేవారు లేకపోతే విలన్ కాబట్టి 'ఒరేయ్'తో మొదలుపెట్టేస్తారు.

బంధుత్వాలూ అంతే. జపాన్ చెల్లెలు అన్నను పేరుతో పిలవదు, వరసతో పిలుస్తుంది. ఇంగ్లీషులో అలా పిలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది కనుక తరచు పేరు పెడతారు. ఆ పేరునే తెలుగులోకి తెస్తే చెల్లెలు అన్నను పేరు పెట్టి పిలిచినట్టవుతుంది. తెలుగు ఇళ్లలో ఆ పిలుపు వేరే అర్థమిస్తుంది. 'డీమన్ స్లేయర్' కథంతా తంజిరో అనే అన్న, నెజుకో అనే చెల్లెలి బంధం మీద నిలిచింది. అలాంటి కథకు 'అన్నయ్యా' అన్న పిలుపు ప్రాణం. బడిలో పై తరగతివారిని పిలిచే తీరు, గురువును పిలిచే తీరు, ఇరుగుపొరుగు పెద్దల్ని పిలిచే తీరు తెలుగులో అన్నా, మాస్టారూ, బామ్మగారూ అంటూ సిద్ధంగా ఉన్నాయి.

ధ్వన్యనుకరణలో తెలుగుకు ఎదురు లేదు. జపనీస్‌లో గుండె కొట్టుకోవడానికి, నక్షత్రాలు మెరవడానికి, ఉరుము దొర్లడానికి జంటపదాలున్నాయి. తెలుగులో దడదడ, మిలమిల, గడగడ ఉన్నాయి. చప్పుడు లేని చూపునూ స్పర్శనూ కూడా రెండు భాషలూ జంటపదాలతో పట్టుకుంటాయి. ఇంగ్లీషు మధ్యలో నిలబడి వాటిని మామూలు క్రియలుగా మార్చేస్తుంది. తెలుగు రచయిత ఆ మామూలు క్రియనే అందుకుని 'నా గుండె చాలా వేగంగా కొట్టుకుంటోంది' అని రాస్తారు. తెలుగు పిల్లలెవరూ అలా అనరు.

పేర్లలో కూడా ఇంగ్లీషు నీడ ఉంది. జపనీస్ 'త' నాలుక పళ్లకు తగిలేది. రోమన్ లిపి చూసి చదవడం వల్ల తెలుగులో అది 'ట' అయింది. 'నరుటో' అంటున్న పేరు అసలుకు దగ్గరగా పలకాలంటే 'నరుతొ' అవుతుంది. హ్రస్వ దీర్ఘాలకూ, ద్విత్వాలకూ జపనీస్‌లో ప్రాణం ఉంది. రోమన్ లిపి తరచు వాటిని మింగేస్తుంది. తెలుగు లిపిలో హ్రస్వానికి 'ఒ', దీర్ఘానికి 'ఓ' వేర్వేరుగా ఉన్నాయి. ఇంత సూక్ష్మమైన లిపి చేతిలో ఉండగా ఇంగ్లీషు పలుకుబడితో సరిపెట్టుకోవడం పెద్ద లోటు. అలవాటైన పేర్లను ఇప్పుడు మార్చడం కష్టమే, కొత్తగా వచ్చే పేర్లనైనా సరిగ్గా రాయవచ్చు.

మాండలికం దగ్గర జాగ్రత్త కావాలి. జపాన్‌లో ఒసాకా ప్రాంతపు యాసకు ప్రత్యేక స్థానం ఉంది. 'అజుమంగా దాయో' సీరియల్‌లో ఆ యాస మాట్లాడే అమ్మాయికి ఇంగ్లీషు డబ్బింగ్‌లో అమెరికా దక్షిణాది యాస పెట్టారు. తెలుగులో ఎవరి యాస పెట్టాలి? తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర, గోదావరి యాసలు అన్నీ ఉన్నాయి. తెలుగు సినిమా చాలాకాలం కొన్ని యాసలను హాస్యగాళ్లకో రౌడీలకో కేటాయించి ఆ ప్రాంతాలవారి మనసు నొప్పించింది. యానిమే ఆ పాత తప్పును మోసుకురాకూడదు. ఏదో ఒక యాసను నాయకుడికి ఇచ్చినా అందంగానే ఉంటుంది. ఒకరికి యాస పెట్టి మిగతా అందరికీ పుస్తకభాష పెట్టడం వల్లనే వెక్కిరింపు పుడుతుంది.

తిండి విషయంలో తెలుగువారికి భయమక్కర్లేదు. అమెరికాలో డోనట్ అయిన పదార్థం ఇక్కడ నేరుగా అన్నం ముద్దే. పండుగలు, మతాచారాల దగ్గర మాత్రం హద్దు ఉండాలి. జపాన్‌వారు పితృదేవతలను తలుచుకునే ఓబోన్‌ను మహాలయ పక్షాలని చెప్పిస్తే పోలిక దొరుకుతుంది, జపాన్ పోతుంది. మాట తెలుగుదై, ఊరు జపాన్‌దై ఉండటమే మంచి డబ్బింగ్.

ఇప్పుడు యంత్రాలు రంగంలోకి దిగాయి. 2025 జులైలో ఒక జపాన్ సీరియల్ జర్మన్ సబ్‌టైటిళ్లలో చాట్‌జీపీటీ పేరు అలాగే మిగిలిపోయి ప్రేక్షకులకు కనిపించింది. యంత్రం ఇచ్చినది ఎవరూ చదవకుండానే ప్రసారమైందన్నమాట. అదే ఏడాది చివర్లో అమెజాన్ ప్రైమ్ వీడియో 'బనానా ఫిష్'కు కృత్రిమ మేధతో చేసిన ఇంగ్లీషు గొంతులు పెట్టి, ప్రేక్షకులు మండిపడటంతో తీసేసింది. హైటెక్ సిటీకి ఈ పరిజ్ఞానం కొత్త కాదు. టైమింగ్ లెక్క కట్టడానికి, పేర్లు ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ మారకుండా చూడటానికి, చప్పుళ్లను శుభ్రం చేయడానికి యంత్రం చక్కగా ఉపయోగపడుతుంది. అన్న చనిపోయాక చెల్లెలు ఏడ్చే ఏడుపు మాత్రం మనిషి గొంతులోంచే రావాలి.

తెలుగు నుంచి జపనీస్‌కు వెళ్లిన దారి వేరుగా ఉంది. 'ఆర్‌ఆర్‌ఆర్' 2022 అక్టోబరు 21న జపాన్‌లో విడుదలై ఏడాదికి పైగా ఆడింది. దాని జపనీస్ సబ్‌టైటిళ్లను తెలుగు తెలిసిన పరిశోధకురాలు యమదా కేయికో సరిచూశారు. 2023 జులైలో జపనీస్ డబ్బింగ్ కూడా వచ్చింది. రామరాజుకు హినో సతోషి, భీమ్‌కు సుగితా తొమొకాజు గొంతులిచ్చారు. 'డీమన్ స్లేయర్'లో అగ్నివీరుడు రెంగోకుకూ, శిలావీరుడు గ్యోమేకూ మాట ఇచ్చినవారు ఆ ఇద్దరే. తెలుగు సినిమాకు తమ అగ్రశ్రేణి గొంతులను, తెలుగు తెలిసిన మనిషిని జపాన్ కేటాయించింది.

ఆ గౌరవం తిరిగి ఇవ్వడానికి కావలసిన మనుషులు హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో జపనీస్ నేర్పుతారు. జపాన్ సహకారంతో కంది వద్ద నిర్మించిన ఐఐటీ నుంచి, ఐటీ కంపెనీల నుంచి జపాన్ వెళ్లి వచ్చినవారున్నారు. మాటల రచయిత పక్కన జపనీస్ తెలిసిన ఒక్కరు కూర్చుంటే చాలు. ఎవరు ఎవరిని మన్నిస్తున్నారో, విరుపు ఎక్కడుందో, పేరు ఎలా పలకాలో వారు చెబుతారు. మిగతాది తెలుగు రచయిత చూసుకుంటారు. అందుకయ్యే ఖర్చు ఒక పెద్ద సీరియల్ బడ్జెట్‌లో లెక్కకు రానిది. పంపిణీ సంస్థలు, స్టూడియోలు తర్వాతి సీరియల్ నుంచే ఆ పని మొదలుపెట్టాలి. ప్రేక్షకులు కూడా తెలుగు ట్రాక్ బాగుంటే బాగుందని, బాగోలేకపోతే ఎక్కడ బాగోలేదో విడమరిచి ఆ సంస్థలకు రాయాలి.